అయస్కాంతానికి అంటని రూపాయి

రైలు గంట లేటని మైకులో చెబితే పెద్దవాళ్ళు ఉసూరుమనేవారు. నాకు మాత్రం పండగ. తుని స్టేషన్లో మేం సామాను దింపుకుని కూర్చునే బెంచీకి నాలుగడుగుల దూరంలో తూకం మిషన్ ఉండేది. నాన్నగారి కంటే ఎత్తు, ఎర్ర రంగు, అద్దం వెనక గుండ్రటి చక్రం, చుట్టూ వెలిగి ఆరే బల్బులు. ఎక్కి నిలబడగానే చక్రం గిర్రున తిరిగేది. అది ఆగేదాకా రూపాయి వెయ్యకూడదని ఆజ్ఞ. ఆగాక వేస్తే లోపలెక్కడో టకటకమని, కింద గూట్లో అట్ట టికెట్టు పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. పదేళ్ళప్పుడు పడ్డ టికెట్టు ఇప్పటికీ నా దగ్గరుంది. 31 కేజీలు. దాని ప్రకారం నేను పేరున్న ప్లీడర్ని కావాలి. మా ఇంట్లో ఎవరూ దాన్ని నమ్మలేదు, మా అమ్మ తప్ప.

మిషన్ లోపల ఏముందో ఒక్కసారే చూశాను. మెకానిక్ వెనక తలుపు తీసి పని చేసుకుంటున్నాడు. పైన నాణెం దొర్లే వాలు కాలువ. దాని చివర చిటికెనవేలంత త్రాసు, ఓ పక్క బిళ్ళ పడే చోటు, రెండో పక్క చిన్న ఇనుప గుండు. ఇటుకలు పేర్చినట్టు అట్ట టికెట్ల దొంతర. అడుగున రేకు డబ్బా, దాని నిండా రూపాయలు. నేను డబ్బా వంకే చూస్తున్నానని కనిపెట్టి, "అది కాదు బాబూ, ఇది చూడు" అని త్రాసు మీద వేలు పెట్టాడు. "బిళ్ళ తేలికైతే ఇది ఒరగదు. ఇది ఒరక్కపోతే టికెట్టు రాదు."

మనుషుల బరువు చెప్పే మిషన్ ముందు రూపాయి బరువు చూసుకుంటుందన్నమాట. మా తాతయ్య కూడా అంతే. వెండి రూపాయి చేతికొస్తే గచ్చు మీద మోగించి, ఆ మోత చెవికి నచ్చితేనే జేబులో వేసుకునేవారట. ఆ రూపాయి సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. నేను పుట్టేనాటికి వెండి లేదు, రాగీ నికెలూ కలిపిన 8 గ్రాముల బిళ్ళ చెలామణిలో ఉంది. 1983లో దాన్ని 6 గ్రాములకి దింపారు. నేను తూకం మిషన్లో వేసింది ఆ ఆరు గ్రాములదే.

తర్వాత స్టీలు వచ్చింది. 1988లో పది పైసలు, పావలా, అర్ధరూపాయి స్టీలులో కొట్టారు. 1992లో రూపాయి వంతు: 4.85 గ్రాములు, అడ్డం 25 మిల్లీమీటర్లు. అంతకుముందుది 26. ఒక్క మిల్లీమీటరు తేడా మన వేళ్ళకి తెలియదు, మిషన్‌కి తెలుస్తుంది. ఆ రోజుల్లోనే ఒక ఊరి స్టేషన్లో, ఊరి పేరెందుకులెండి, కొత్త రూపాయి వేశాను. టికెట్టూ రాలేదు, రూపాయీ రాలేదు. రెండు దెబ్బలు వేసి దిగాను. నా వెనకాయన ఎక్కి తన స్టీలు బిళ్ళ వేశాడు. లోపల ఇరుక్కున్న నా బిళ్ళా ఆయన బిళ్ళా కలిసి త్రాసు ఒరిగినట్టుంది, టక్కున టికెట్టు పడింది. ఆయన బరువు నా రూపాయితో తెలిసింది. సగం టికెట్టు నాదేనని అడగడానికి మొహమాటపడ్డాను.

వీధుల్లోకి కాయిన్ బాక్సు ఫోన్లు వచ్చేసరికి అవి స్టీలు రూపాయికి అలవాటుపడే వచ్చాయి. వాటితో నాకు పేచీ లేదు, పెద్దగా ప్రేమా లేదు. మాట మధ్యలో కుయ్‌మంటే ఇంకో బిళ్ళ కోసం జేబులు తడుముకోవడం ఒక్కటే గుర్తు. సెల్ ఫోన్ వచ్చి వాటిని ఊడ్చేసింది. తూకం మిషన్‌ని మాత్రం సెల్ ఫోన్ ఏం చేస్తుంది? పేరుకి బరువు చూపించే పెట్టె. దాన్ని ముందుగా దెబ్బ కొట్టింది రూపాయేనని నా అనుమానం. 2011లో వచ్చిన రూపాయి 3.79 గ్రాములే. నేను 31 నుంచి 74 కేజీలకి వచ్చాను. రూపాయి 8 నుంచి నాలుగు లోపుకి పోయింది.

స్టీలు రూపాయి వల్ల బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. తుని నుంచి రాజమండ్రి దాటి వెళ్ళేటప్పుడు గోదావరి వంతెన ఎక్కగానే కిటికీలోంచి నాణెం వెయ్యడం మా ఇంట్లో ఆచారం. అప్పట్లో బళ్ళు 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన మీదా, అంతకు ముందరి 1900 నాటి హేవలాక్ వంతెన మీదా వెళ్ళేవి. బిళ్ళ ఇనుప కమ్మీకి తగిలి ఖంగుమంటే పుణ్యం దక్కనట్టే, మళ్ళీ ఇంకోటి వెయ్యాలి. రాగి నాణెం నీటిని శుభ్రం చేస్తుందని, అందుకే పెద్దలు వేయించారని ఈమధ్య వాట్సాప్‌లో తెగ తిప్పుతున్నారు. స్టీలు బిళ్ళకి ఆ సాకు కూడా లేదు.

కొన్నేళ్ళ క్రితం రాజమండ్రి కోటిలింగాల రేవులో ఒక కుర్రాణ్ణి చూశాను. పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం, నడుమ చిల్లులోంచి నైలాను తాడు. విసిరి, అడుక్కి దిగనిచ్చి, బురదలో మెల్లగా ఈడ్చి పైకి లాగుతున్నాడు. అయస్కాంతానికి రెండు రూపాయి బిళ్ళలు, ఒక పిన్నీసు, తుప్పుపట్టిన మేకు. బిళ్ళల్ని చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు, మేకు గట్టు మీద పెట్టాడు. నీళ్ళలోకి తిరిగి విసిరింది ఏమీ లేదు.

"పాత బిళ్ళలు పడవా?" అని అడిగాను.

"ఆయ్, పాతవి అంటుకోవండి. వాటికి మునగాల్సిందేనండి."

నాణేలు పోగేసే పరికరాల్లో అంత చవకైనదీ, అంత నిజాయితీగలదీ నేను ఇంకోటి చూడలేదు. జాతకం చెప్పదు, లైట్లు వెలగవు, బిళ్ళ మింగెయ్యదు. తూకం మిషన్ లెక్కచెయ్యని స్టీలునే అది ఏరి తెస్తుంది. మా నాన్నగారు వంతెన మీంచి వేసిన ఆరు గ్రాముల రూపాయలు మాత్రం ఏ తాడుకీ అందకుండా గోదావరి అడుగునే ఉండి ఉంటాయి.

మీ ఇంట్లో పోపుల డబ్బాలోనో దేవుడి గూట్లోనో 1991 నాటి రూపాయి దొరికితే, ఫ్రిజ్ తలుపు మీద బొమ్మ తీసి దాని వెనక అయస్కాంతం ఆన్చి చూడండి. అంటుకోదు. పక్కనే 1992ది పెట్టండి, చటుక్కున పట్టుకుంటుంది.