ఆషాఢంలో బేరం, శ్రావణంలో బండి

విజయవాడలో కారు కొనాలనుకున్న కుటుంబం మోడల్ తేల్చుకుని, డబ్బు సర్దుకున్నాక ఇంకో ప్రశ్న దగ్గర ఆగుతుంది. బేరానికి ఎవర్ని తీసుకెళ్ళాలి? ప్రతి చుట్టరికంలోనూ ఆ పనికి ఒక మనిషి ఉంటారు. మా వాళ్ళలో ఆయన నాకు వరసకు బాబాయి. ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. గుడివాడ నుంచి, పామర్రు నుంచి, కైకలూరు చేపల చెరువుల గట్ల మీద నుంచి చుట్టాలు ఫోన్ చేసి "రేపు షోరూముకు వెళ్తున్నాం, మీరు కాస్త రావాలి" అంటారు. ఆయన పక్కన కూర్చుని చూసిన పనితనం గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. కొండపల్లి బొమ్మ చెక్కే చేతి గురించీ, పెడనలో కలంకారీ అద్దే చేతి గురించీ మన పత్రికలు ఇష్టంగా రాస్తాయి. న్యాయమైన ధర తేల్చడం కూడా అలాగే నేర్చుకుని, సానపట్టుకుని చేసే పనేనని నా నమ్మకం.

కారు విషయంలో ఈ విద్య మనకు మరీ పాతది కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దాని ధర 47,500 రూపాయలు. అంతకుముందు అంబాసిడర్, పద్మినీల కాలంలోనూ, మారుతి తొలి ఏళ్ళలోనూ డబ్బు కట్టి వరుసలో ఎదురుచూడటమే తప్ప తగ్గించమని అడిగే మాటే లేదు. లారీ సంగతి వేరు. బెజవాడ లారీల ఊరు. ఇక్కడ లారీ కొనడమంటే చాసిస్ తెచ్చి ఆటోనగర్‌లో బాడీ కట్టించుకోవడం. చాసిస్‌కు ఒక ధర. బాడీకి చెక్క ఎంత, ఇనుము ఎంత, పెయింటింగ్ ఎంత, కూలి ఎంత అని విడివిడిగా లెక్క. బాబాయి ఉద్యోగమంతా ఆ లెక్కలు రాశారు. అందుకే ఒకే ఒక పెద్ద అంకె చూపించి "ఆన్‌రోడ్ ఇదండీ" అంటే అది ఆయనకు ధరలా కనిపించదు. ముందు దాన్ని ముక్కలు చేయాలి.

ఆయన పని షోరూములో మొదలవదు, పంచాంగం దగ్గర మొదలవుతుంది. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో మన వాళ్ళు కొత్త బండి ఇంటికి తేవడానికి జంకుతారు. షోరూముకు మాత్రం ఆ నెలల్లోనూ టార్గెట్ ఉంటుంది. కంపెనీ స్కీములు ఇంగ్లిషు నెల ప్రకారం నడుస్తాయి. నెల మారితే పాత సర్క్యులర్ పోయి కొత్తది వస్తుంది. శ్రావణం రాగానే జనం వస్తారు, తగ్గింపులు పల్చబడతాయి. బాబాయి ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టుకుంటారు. ఆషాఢంలో బేరం ముగించి, వీలైతే ఆ నెల స్కీములోనే బిల్లు చేయించి, డెలివరీ శ్రావణానికి రాయిస్తారు. "బిల్లు కాగితమే కదా వదినా, బండి గడప ముందుకొచ్చేది శ్రావణ శుక్రవారమే" అని ఇంట్లో పెద్దావిడకు ముందే నచ్చచెప్తారు. ఒట్టి బుకింగ్ చేసి ఊరుకుంటే డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదివే అలవాటు ఆయనకుంది.

డిసెంబరు మరో అదను. సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చే రోజులవి. షోరూము వాళ్ళకేమో ఏడాది మారితే యార్డులోని బండి ఒక్క రాత్రిలో పోయినేటి బండి అయిపోతుంది. స్టాకు పేరుకుపోయిన కాలాన్నీ ఆయన గమనిస్తారు. 2024 పండగలకు ముందు డీలర్ల సంఘం ఫాడా తమ దగ్గర 80 నుంచి 85 రోజుల స్టాకు నిలిచిపోయిందని చెప్పింది. ఆ స్టాకు అప్పు మీద తెచ్చింది, రోజూ వడ్డీ తింటుంది. అలాంటప్పుడు తొందర కొనేవాడికి ఉండకూడదు. మరుసటి ఏడాది ఆగస్టులో జీఎస్టీ తగ్గుతుందన్న ప్రకటన రాగానే ఆయన అందర్నీ ఆగమన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద 28 శాతం, దానిపై సెస్సు పోయి 18 శాతమే మిగిలింది. 1200 సీసీ లోపు చిన్న పెట్రోల్ కారుకు సెస్సు ఒక శాతం అనుకుంటే, పన్నుతో కలిపిన ధరలో దాదాపు ఎనిమిదిన్నర శాతం తగ్గినట్టు. ఎంత నేర్పుగా బేరమాడినా అంత రాదు. ఎదురుచూడటం కూడా పనితనంలో భాగమని అప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఇక అసలు ఘట్టం కొటేషన్. కాగితం బల్ల మీదకు రాగానే అందరి కళ్ళూ అడుగున ఉన్న అంకె మీదకు పోతాయి. ఆయన కళ్ళు పైనుంచి దిగుతాయి. జేబులోంచి పెన్ను తీసి ఒక్కో వరుస పక్కన గుర్తు పెడతారు. సర్కారుకు పోయేదానికి సున్నా. దాని మీద నోరు విప్పరు. కొనేవాడి ఇష్టం మీద ఉన్నదానికి గీత. షోరూము తనంతట తాను కలిపినదానికి ప్రశ్న గుర్తు. ఈ గుర్తులు పెడుతున్నంతసేపూ మాట్లాడరు. ఎదుటి అబ్బాయి ఏదో వివరించబోతే "ఒక్క నిమిషం బాబూ" అంటారు, అంతే.

జీవిత పన్నుకు సున్నా. రిజిస్ట్రేషన్‌కూ సున్నానే, కానీ అంకె చూస్తారు. కేంద్ర నిబంధనల ప్రకారం కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు, అప్పు మీద కొంటే హైపోథికేషన్ నమోదుకు 1,500. కార్డుకు, మిగతా చిల్లరకు ఇంకొంత. ఆ వరుసలో వేలకు వేలు కనిపిస్తే సున్నా పక్కన ప్రశ్న గుర్తు కూడా వచ్చి చేరుతుంది. పది లక్షల గీత దగ్గర ఆయన మరింత జాగ్రత్తగా ఉంటారు. ఎక్స్‌షోరూమ్ ధర ఆ గీత దాటితే మన రాష్ట్రంలో జీవిత పన్ను శ్లాబు మారుతుంది, పైగా ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే పన్ను, పడుతుంది. గీతకు ఇవతల ఒక వేరియంట్, అవతల కాస్త దూరంలో సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ ఉంటే, తేడా ఆ సన్‌రూఫ్ ధర ఒక్కటే కాదని కాగితం మీద కూడి చూపిస్తారు. "మే నెల బెజవాడలో దాన్ని ఎన్నిసార్లు తెరుస్తావురా?" అని పిల్లాణ్ణి నెమ్మదిగా అడుగుతారు. తెరుస్తానంటే మాత్రం అడ్డుచెప్పరు. కొనేది వాళ్ళు.

తర్వాత ప్రశ్న గుర్తుల వంతు.

"ఇదేంటి బాబూ?"

"హ్యాండ్లింగ్ ఛార్జెస్ అండి. యార్డు నుంచి తీసుకురావడం, క్లీనింగ్..."

"ఎక్స్‌షోరూమ్ అంటే షోరూములో ఉన్న బండి ధరే కదా? ఇక్కడికి తెచ్చిన ఖర్చు అందులో లేదా?"

అబ్బాయి మేనేజర్ గది వైపు చూస్తాడు. బాబాయి గొంతు పెంచరు, అదే మాట రెండోసారి అనరు. పెన్ను ఆ వరుస మీద అలాగే ఉంచి కూర్చుంటారు. సాధారణంగా ఆ వరుస పోతుంది. "ఎసెన్షియల్ కిట్" పేరుతో మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, సీటు కవర్లు, టెఫ్లాన్ కోటింగ్ కలిపిన మొత్తానికీ ఇదే మర్యాద. కావలసినవి బయట ఆటోనగర్‌లో ఎంతకొస్తాయో ఆయనకు తెలుసు. కంపెనీవే బాగున్నాయనిపిస్తే విడిగా అడిగి తీసుకుంటారు.

బీమా దగ్గర ఆయన పనితనం ఇంకా సన్నం. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబర్ 1 నుంచి తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించింది. 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 6,521 రూపాయలు, 1500 సీసీ వరకు 10,640, ఆపైన 24,596, వీటి మీద జీఎస్టీ అదనం. ఇది ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే, కాబట్టి సున్నా. ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. షోరూము చెప్పిన బీమానే తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఆయన బయట ఒకచోట అదే కవరేజీకి రేటు రాయించుకుని వస్తారు. చాలాసార్లు షోరూమే ఆ రేటుకు దిగివస్తుంది. పాత కారు అమ్మేసిన వాళ్ళకు దాని మీద పెరిగిన నో క్లెయిమ్ బోనస్ గుర్తుచేస్తారు. ఐదేళ్ళు క్లెయిమ్ లేకుండా నడిపితే అది 50 శాతం దాకా ఉంటుంది, కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గుతుంది. బోనస్ బండిది కాదు, యజమానిది. ఎక్స్ఛేంజ్ హడావుడిలో ఎంతమంది దీన్ని వదిలేసుకుంటారో తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

అలాగని ప్రతి వరుసా కొట్టేసే మనిషి కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళ ముందు పెట్టిన కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. మామూలు పాలసీ వరద నష్టాన్ని భరిస్తుంది కానీ, నీళ్ళు చేరిన ఇంజన్‌ను స్టార్ట్ చేయబోయి పాడైతే దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ ఉండాలి. ఆ వరుసను కొట్టేయబోయిన మేనల్లుడి చేయి ఆయన పట్టుకుని ఆపడం నేను చూశాను. "ఇది మన ఊరికి కావాల్సిందిరా" అన్నారు. దేన్ని లాగాలో తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. దేన్ని ఉంచాలో తెలియడం దగ్గరే ఈ పనిలో అసలు తేడా కనిపిస్తుంది.

"నెలకు ఎంత కట్టగలరు సార్?" అన్న ప్రశ్నకు ఆయన జవాబు ఇవ్వనివ్వరు. ఆ జవాబు బయటపడితే ధర గురించి మాట ఆగిపోయి వాయిదా గురించి మాట మొదలవుతుంది. 8 లక్షల అప్పు, 9 శాతం తగ్గే వడ్డీ అనుకోండి. ఐదేళ్ళకు నెలకు దాదాపు 16,600. ఏడేళ్ళకు 12,900 లోపే. వాయిదా 3,700 తగ్గిందని సంతోషం. మొత్తం వడ్డీ మాత్రం 85 వేల దాకా పెరుగుతుంది. కష్టపడి సంపాదించిన డిస్కౌంటు అటునుంచి జారిపోతుంది. అందుకే ముందు కారు ధర, అది తేలి సంతకమయ్యాక అప్పు, పాత కారు ఉంటే దాని వెల వేరే కాగితం మీద. మూడూ కలిపితే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట తీసుకోవడం తేలిక.

చివరికి డిస్కౌంటు. కంపెనీ స్కీము వేరు, డీలరు తన వాటాలోంచి ఇచ్చేది వేరు. మొదటిది ఎంతో ఆ నెలలో ఎవరినడిగినా తెలుస్తుంది. రెండోదే బేరం. కొత్త కారు మీద డీలరుకు మిగిలేది పెద్ద మొత్తమేమీ కాదు. కంపెనీల కట్టడి కూడా ఉండేది. 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతి సుజుకికి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. చెప్పినదానికంటే ఎక్కువ తగ్గించకుండా డీలర్లను కట్టడి చేసిందనీ, కొనేవాళ్ళలా మనుషుల్ని పంపి పరీక్షించిందనీ, దొరికినవాళ్ళ మీద పెనాల్టీ వేసిందనీ కమిషన్ తేల్చింది. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. ఆ సంగతి చదివాక, కొత్త మనిషిని చూసి సేల్స్ అబ్బాయి ఎందుకంత తడబడతాడో నాకు అర్థమైంది.

బాబాయి ఆ అబ్బాయిని ఎప్పుడూ ఇరుకున పెట్టరు. "పై వాళ్ళనడిగి రా నాన్నా, మేం కూర్చుంటాం" అంటారు. ఇంకో షోరూములో రాయించుకున్న కొటేషన్ ఉంటే చూపిస్తారు, లేకపోతే ఉందని చెప్పరు. "పక్కన ఇంతకిస్తున్నారు" అని గాల్లో మాట వదలడం బెజవాడలో మామూలే. ఆయన వదలరు. అందువల్లే ఆయన ఒక అంకె చెప్పి "దీనికిస్తే ఇప్పుడే అడ్వాన్సు" అంటే మేనేజర్ స్వయంగా లేచి వస్తాడు. ఆ అంకెలో షోరూముకు కొంత మిగిలేలా చూసుకుంటారు. తరవాత సర్వీసుకు ఇక్కడికే రావాలి కదా అన్నది ఒక కారణం. ఎదుటి మనిషి బతుకు కూడా బేరంలో భాగమే అన్నది ఆయన చెప్పకుండా పాటించే రెండో కారణం. ఒప్పందం కుదిరాక ఇంకో వెయ్యి అడిగిన చుట్టాన్ని ఆయన కోప్పడటం చూశాను. ఆయనకు కోపం వచ్చేది అక్కడే.

కుదిరినదంతా బుకింగ్ ఫారం మీద రాయించి, ముద్ర వేయిస్తారు. డెలివరీకి ముందు యార్డుకు వెళ్ళి బండి చూసి చాసిస్ నంబరు రాసుకుంటారు. సేల్ సర్టిఫికెట్ అయిన ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, వాటితో సరిపోల్చుతారు. ఇవన్నీ అయ్యాకే ఇంద్రకీలాద్రి కింద పూజ, చక్రాల కింద నిమ్మకాయలు.

ఆయన నేర్పిన వాటిలో ఒకటి పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. పది లక్షలు దాటిన కారు మీద 2016 జూన్ నుంచి వసూలు చేస్తున్న ఒక శాతం టీసీఎస్ ఖర్చు కాదు. అది కొన్నవారి పాన్ మీద జమయ్యే ఆదాయపు పన్ను. పన్ను కట్టేవాళ్ళకు అందులో మినహాయింపు వస్తుంది, కట్టాల్సింది లేనివాళ్ళకు రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది. వ్యవసాయ ఆదాయమే కదా, మాకు రిటర్న్ ఎందుకని మన డెల్టా రైతులు చాలామంది దాన్ని వదిలేస్తున్నారు. పన్నెండు లక్షల కారుకు అది పన్నెండు వేలు. షోరూము నుంచి టీసీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, గడువు లోపల రిటర్న్ వేయండి.