తొలి చేతిలోనే అంతా పెట్టాలా?

ఈ వారం చంద్రశేఖరపురంలో టీ కొట్టు బల్ల మీద ఓ కుర్రాడు ఫోనులో పోకర్ టోర్నమెంటు చూస్తున్నాడు. ఒక ఆటగాడు తొలి గంటలోనే తన ముందున్న చిప్స్ అన్నీ మధ్యలోకి తోసేశాడు. ఓడిపోయి, కుర్చీ వెనక్కి జరిపి లేచి వెళ్లిపోయాడు. చుట్టూ మూగి చూస్తున్నవాళ్లంతా ఒక్క మాటతో తీర్పు చెప్పేశారు: "తొందరపడ్డాడు. కాసేపు ఆగి ఉంటే ఏం పోయేది?"

అతని చేతిలో ఏ ముక్కలున్నాయో ఒక్కరూ అడగలేదు. ఎదుటివాడు ఎంత పెట్టాడో, ఓడితే ఇతనికి నిజంగా పోయేదెంతో కూడా అడగలేదు. ఓడాడు కాబట్టి తప్పు, మొదట్లోనే ఓడాడు కాబట్టి ఇంకా పెద్ద తప్పు. ఆ తీర్పు విన్నప్పటి నుంచీ నాకు మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలుసు. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులు వేయకూడదు. బోరులో నీళ్లు పడితే ఆ రైతు తెలివైనవాడు, దుమ్ము లేస్తే తెలివితక్కువవాడు అనడం నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

డబ్బు పెట్టి పేకాడటం మీద నా అభిప్రాయమూ పాతదే, మారదు. 2020లో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించినప్పుడూ, 2025లో ఆన్‌లైన్ డబ్బు ఆటలపై పార్లమెంటు చట్టం చేసినప్పుడూ ఇక్కడే స్వాగతించాను. పేక ముక్కల మీద మాత్రం నాకు కోపం లేదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు మూడు ముక్కలాటకీ రమ్మీకీ మధ్య గీత గీసింది. మొదటిది కేవలం అదృష్టం. రెండోదానిలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి, కాబట్టి అందులో ప్రధానమైనది నేర్పు అంది. ఆ తీర్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు మా పెదనాయన ఆట గుర్తొస్తుంది.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా వసారాలో 201 నడిచేది. పైసా పందెం లేదు. పాత పద్దుల పుస్తకం వెనక పేజీలో గీతలు కొట్టి కౌంట్ రాసుకునేవాళ్లు. ఆ ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. పదమూడు ముక్కలు పంచుతారు. చెయ్యి బాగాలేకపోతే ఆడకుండానే డ్రాప్ అవ్వచ్చు, 25 పడుతుంది. ఒక ముక్క ఎత్తి ఆడాక మానుకుంటే మిడిల్ డ్రాప్, 50. ఆడి చేతిలో లైఫ్ (జోకర్ లేని వరస) కూడా కట్టకుండా దొరికిపోతే ఫుల్ కౌంట్, 80. లెక్క 201కి చేరినవాడు ఆటలోంచి అవుట్. ఊరూరికీ అంకెలు కాస్త మారతాయి, మా వసారాలో ఇవే.

పెదనాయన ముక్కలు ఎత్తుకునే తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మిగతావాళ్లు ముక్క చేతికి రాగానే ఇస్పేట్లు ఒక పక్క, కళావర్లు ఒక పక్క సర్దడం మొదలుపెట్టేవాళ్లు. ఆయన పదమూడూ పడేదాకా తాకేవాడు కాదు. అన్నీ కలిపి ఎత్తి, విసనకర్రలా ఒక్కసారి విప్పి చూసేవాడు. లైఫ్ ఉందా? లేకపోతే ఒక్క ముక్క దూరంలో ఉందా, రెండు ముక్కల దూరంలో ఉందా? జోకర్లెన్ని? రాజులూ రాణులూ జాకీలూ ఎంత బరువున్నాయి? ఆ చూపు అయ్యాక ముక్కల్ని మళ్లీ ఒద్దికగా మూసి, "డ్రాప్" అనేవాడు, లేదా చెయ్యి చాపి కట్ట మీద ముక్క ఎత్తేవాడు. ఎత్తాక మళ్లీ మధ్యలో మానుకోవడం చాలా అరుదు.

"ముక్క ఎత్తకముందే తేల్చుకో అబ్బయ్యా. ఎత్తాక తేల్చుకుంటే రెట్టింపు కట్టాలి," అనేవాడు నాతో.

మా బాబాయి ఈ పాఠాన్ని సగమే నేర్చుకున్నాడు. చెయ్యి కాస్త పలచగా ఉంటే చాలు, డ్రాప్. రెండు జోకర్లు వచ్చినా లైఫ్ లేదని డ్రాప్. ఎవరి చేతిలోనూ ఫుల్ కౌంట్ తిననివాడని ఆయనకు పేరు. లెక్క చూడండి. ఎనిమిది డ్రాపులకు 200. తొమ్మిదోది పడితే ఒక్క ఆటా ఆడకుండానే అవుట్. ఒకసారి నిజంగా అలాగే దాదాపు ఆడకుండానే లేచిపోయాడు. పద్దు పుస్తకంలో ఆయన గీతల వరస చూసి పెదనాయన, "వీడు ఓడలేదురా, అరిగిపోయాడు," అన్నాడు.

ఇప్పుడు పోకర్ దగ్గరికి వస్తాను. టీ కొట్టు దగ్గర మూగినవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. ఆ న్యాయాన్ని గట్టిగానే చెప్పాలి. లాస్ వేగస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. ఇటీవలి ఏళ్లలో ఒక్కొక్కరికీ 60,000 చిప్స్ ఇస్తున్నారు. మొదట్లో ఆటగాడు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం 100, 200 మాత్రమే. అంటే గంటల తరబడి చేతులు వదిలేసినా పెద్దగా కరగదు. నేర్పున్నవాడికి ముందు ఇంకా మంచి అవకాశాలు వస్తాయి. అలాంటప్పుడు సగం గెలుపు, సగం ఓటమి ఉన్న చేతి మీద ఉన్నదంతా పెట్టడం దండగే. చెయ్యి బాగున్నా ఇదే పనిగా చేస్తే నిలబడరు. నూటికి 80 పాళ్లు గెలుపు మనదే అయిన పందేలు వరసగా ఐదు గెలవాలంటే ఉన్న అవకాశం మూడింట ఒక వంతు కూడా లేదు. కాగితం తీసుకుని గుణించి చూసుకోండి.

ఇంతవరకూ చదివితే నిదానమే ప్రధానం అని ముగించడానికి అంతా సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ పెదనాయన ఆటలో రెండో సగం ఉంది. బాబాయి చూడనిది అదే. ఆయన ధైర్యం చేసేది ఎక్కువగా తొలి ఆటల్లోనే. లైఫ్ ఒక్క ముక్క దూరంలో ఉండి, ఒక జోకర్ ఉంటే చాలు, లెక్క సున్నా మీద ఉన్నప్పుడు దిగేవాడు. కారణం ఆయనే చెప్పాడు: "ఇప్పుడు ఎనభై పడినా ఇంకా నూట ఇరవై మోయగలను. నూట డెబ్బై దగ్గర ఇదే చెయ్యి వస్తే ఆడగలనా?" అక్కడ ఒక్క డ్రాప్‌కు మాత్రమే చోటుంది. అప్పుడు మంచి చెయ్యి వచ్చినా భయపడుతూ ఆడాలి, లేదా మూసేయాలి. మోయగలిగినప్పుడు దిగనివాడికి, మోయలేనప్పుడు దిగక తప్పని రోజు వస్తుంది.

పోకర్ టోర్నమెంటు లెక్క కూడా ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది. ముగ్గురే మిగిలారనుకోండి, అందరి దగ్గరా చిప్స్ సమానం. ప్రైజులు 50 వేలు, 30 వేలు, 20 వేలు. ఆ క్షణంలో ఒక్కొక్కరి స్థానం విలువ 33 వేల పైచిలుకు. ఇద్దరు సరిసమానమైన చేతులతో అంతా పెట్టేశారు. ఓడినవాడు 20 వేలతో లేస్తాడు. గెలిచినవాడి చిప్స్ రెట్టింపయ్యాయి, కానీ అతని స్థానం విలువ 43 వేల చిల్లర దాకానే పెరిగింది. ముక్క తాకకుండా కూర్చున్న మూడోవాడి విలువ 36 వేలు దాటింది. చివర్లో అంతా పెట్టడం అంత ఖరీదైన పని. అదే వందలమంది కూర్చున్న తొలి గంటలో అయితే, చిప్స్ రెట్టింపైతే గెలుపు మీద ఆశ కూడా దాదాపు రెట్టింపవుతుంది. తొలి గంటలో పోయినవాడికీ, ప్రైజు గీతకు ఒక్క మెట్టు కింద పోయినవాడికీ దక్కేది ఒకటే సున్నా. రెండోవాడికి రోజులు కూడా పోయాయి.

చేతిలో రెండు ఆసులు ఉన్నాయి, ఎదుటివాడు ఏం చూడకుండా అంతా పెట్టాడు అనుకోండి. నూటికి 85 పాళ్లు గెలుపు మనవైపు. అది తొలి చెయ్యి అయినా సరే, వదిలేసినవాడు జాగ్రత్తపరుడు కాదు. ఇంకెప్పుడూ అంత మంచి అవకాశం రాకపోవచ్చు.

అయితే ఈ ధైర్యానికి ఒక షరతు ఉంది. టోర్నమెంటులో అంతా అంటే ప్రవేశ రుసుము మాత్రమే. దాని చుట్టూ గట్టు ఉంది. స్టూ ఉంగర్ అనే అమెరికన్ 1980, 1981, 1997లో మూడుసార్లు ఆ ప్రధాన పోటీ గెలిచాడు. అంతకు ముందు అతను జిన్ రమ్మీలో మొనగాడు, అతనితో పందెం కట్టడానికే జనం వెనకాడేవాళ్లు. గట్టు లోపల అంత గొప్పగా ఆడినవాడు గట్టు బయట ఏదీ నిలుపుకోలేదు. 1998లో 45 ఏళ్లకే, గెలిచిన డబ్బు దాదాపు ఏమీ మిగలకుండా, వేగస్‌లో ఒక చిన్న మోటెల్ గదిలో చనిపోయాడు.

మా పశ్చిమ ప్రకాశంలో ఈ గట్టు ఎక్కడ తెగుతుందో చూడాలంటే బోరు బండి దగ్గర నిలబడాలి. తొలి వంద అడుగుల దాకా ఎవరికీ ఆదుర్దా ఉండదు. తెల్లటి రాతి పొడి లేచి పక్కనున్న కంది చేను మీద పడుతుంది. పొడి రంగు మారితే అందరూ దగ్గరికి జరుగుతారు. ఒకరు గుప్పెట్లోకి తీసుకుని తేమ ఉందేమో నలిపి చూస్తారు. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. అనుకున్న లోతు దాటాక బండివాళ్లు రైతు మొహంలోకి చూస్తారు: "ఇంకో రెండు రాడ్లు దించమంటావా?" మా వైపు ఇళ్లు మునిగింది ఆ రెండు రాడ్ల దగ్గర, ఆ తర్వాత పొలం ఇంకో మూలన వేసిన రెండో బోరు దగ్గర, మూడో బోరు దగ్గర. మొదటి బోరు వేయాలా వద్దా అని ఇల్లంతా కూర్చుని నెలల తరబడి మాట్లాడుకుంటారు. నాలుగో బోరు మాత్రం అర్ధరాత్రి, బండి చప్పుడు మధ్య, పోయినదాన్ని రాబట్టాలన్న కసితో తేలిపోతుంది. తొందరపాటు అంటే నేను దాన్నే అంటాను. అది ఆట చివర్లో ఉంటుంది, మొదట్లో కాదు.

పోనీ ఆగుదామా? 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఒక తరం ముసలిదైపోయిన నేల ఇది. ఎదురుచూపు ఊరికే రాదని మాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఏటా ఒక కమతం, ఒక జత ఎద్దులు, ఒక కొడుకు వలస. అవన్నీ డ్రాపులే, ఇరవై అయిదు చొప్పున.

మన కథల్లోనూ ఇదే ఉంది. ధర్మరాజు మొదటి జూదంలో ఒక్కసారిగా అంతా పెట్టలేదు. మణులతో, సొమ్ముతో మొదలుపెట్టి, పోయినదాని వెంట ఇంకోటి పెట్టుకుంటూ, తమ్ముళ్లను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. రెండో జూదం ఒకే ఒక్క పందెం. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. దాన్ని మోసి నిలబడి తిరిగొచ్చారు. పన్నెండో శతాబ్దపు పల్నాడులోనూ కోడిపందెం ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ల వలసకు కట్టుబడింది, ఆ ఏడేళ్లూ పూర్తి చేసింది. రెండు చోట్లా అవతలివాళ్లు మాట తప్పారు కాబట్టి యుద్ధం వచ్చింది. ఎంత పోతుందో ముందే తెలిసిన పందేన్ని మనవాళ్లు మోయగలిగారు. హద్దు లేనిదాన్ని ఎవరూ మోయలేకపోయారు.

చదువు ముగించిన పిల్లలు ఉత్తరాల్లో అడుగుతుంటారు, ఉన్న ఉద్యోగం వదిలి పెద్ద పరీక్షకు కూర్చోవచ్చా, చిన్న వ్యాపారం పెట్టవచ్చా అని. నా జవాబు మూడు ప్రశ్నలే. పోయేది మొత్తం ఎంతో అంకె వేసి చెప్పగలవా? అది పోయాక నీకూ, నీ మీద ఆధారపడినవాళ్లకూ ఇంకో చోట కుర్చీ ఉందా? ఆగితే మెరుగుపడతావా, అరిగిపోతావా? మొదటి రెండింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగి, మూడోదానికి అరిగిపోతాననే వస్తే, ఇరవై రెండేళ్లకే దిగు. ముప్పై అయిదేళ్లకు పెళ్లాం పిల్లలతో దిగడం కంటే అదే చవక. ఓడితే ఊళ్లో తొందరపడ్డాడంటారు. అననివ్వు. కానీ రెండోసారి, మూడోసారి అదే పరీక్ష, అదే అప్పు అంటే మాత్రం మళ్లీ మొదటి ప్రశ్న నుంచి రా.

ఫోనులో డబ్బు ఆటల్ని నేను ఇంత పట్టుబట్టి వ్యతిరేకించేదీ ఇందుకే. అక్కడ చిప్స్ అయిపోగానే ఫోను మళ్లీ డబ్బు వేసుకోమంటుంది, అర్ధరాత్రయినా వేసుకోనిస్తుంది. గట్టు కట్టుకున్నవాడు మొదటి చేతిలోనే అంతా పెట్టినా నేను తప్పు పట్టను. గట్టు లేనివాడు రూపాయి పందేనికి కూడా కూర్చోకూడదు.