పాత స్పోర్ట్స్ కారులో కొత్త ఇగ్నిషన్ పెట్టె: ఒక విమర్శ

ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణంలో 1962 నుండి 1980 వరకు ఎం.జి.బి. అనే చిన్న స్పోర్ట్స్ కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనవి. వాటిలో అనేకం నేటికీ రోడ్లపై తిరుగుతూనే ఉన్నవి. పాత పాయింట్ల ఇగ్నిషన్‌కు బదులు బజారులో దొరికే ఎలెక్ట్రానిక్ పెట్టెను బిగించుట వాటి యజమానులలో పరిపాటి అయినది. నలభై వేల వోల్టుల నిప్పురవ్వ వస్తుందని ప్రకటనలు ఊరిస్తాయి. అయినా పెట్టె బిగించిన తరువాత కారు నడిరోడ్డుపై ఆగిపోయిన సందర్భాలూ లేకపోలేదు. లోపం పెట్టెలో ఉన్నదా, లేక దానిని బిగించిన తీరులో ఉన్నదా?

ముందుగా పాత పద్ధతికి న్యాయం చేయవలెను. 1910 నమూనా కాడిలాక్ కారులో కెట్టరింగ్ ప్రవేశపెట్టిన ఏర్పాటే దానికి మూలం. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బ్యాటరీ నుండి కాయిలులోని ప్రాథమిక చుట్టలోనికి విద్యుత్తు ప్రవహించి, అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ క్షేత్రం కుప్పకూలి, ద్వితీయ చుట్టలో వేల వోల్టులు ప్రేరితమవుతాయి. ప్లగ్గు కొనల మధ్య రవ్వ ఎగురుతుంది. అయితే చుట్టలో విద్యుత్తు ఒక్కసారిగా పెరగదు. దానికి వ్యవధి కావలెను.

ఒక లెక్క చూడండి. కాయిలు నిరోధం 3 ఓములు, ప్రేరకత్వం 9 మిల్లీహెన్రీలు, బ్యాటరీ 12 వోల్టులు అనుకొందాం. తీరికగా నిండితే విద్యుత్తు 4 ఆంపియర్లకు చేరుతుంది. అప్పుడు కాయిలులో నిలువయ్యే శక్తి 72 మిల్లీజౌళ్లు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 200 రవ్వలు కావలెను. అనగా ఒక్కొక్క రవ్వకు 5 మిల్లీసెకన్లు. అందులో పాయింట్లు కలిసి ఉండేది మూడింట రెండు వంతులే. ఆ కాలంలో విద్యుత్తు 2.7 ఆంపియర్లకు మాత్రమే చేరుతుంది. శక్తి 33 మిల్లీజౌళ్లకు దిగుతుంది. అదే కాయిలును ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు పెడితే, అదే వేగంలో శక్తి 13 మిల్లీజౌళ్లే.

కెపాసిటరు పద్ధతి పెట్టె ఈ చిక్కును తొలగిస్తుంది. అందులో 1 మైక్రోఫారడ్ కెపాసిటరును 450 వోల్టులకు నింపితే, సగం సి.వి. వర్గం అనే సూత్రం ప్రకారం 101 మిల్లీజౌళ్ల శక్తి నిలువ ఉంటుంది. ఇంజను వేగం పెరిగినా ఈ శక్తి పెద్దగా తగ్గదు. పెట్టెకు గల అసలు గుణం ఇదే. నలభై వేల వోల్టులు కాదు. ద్వితీయ చుట్టలో వోల్టేజి, ప్లగ్గు సందులోని వాయువును ఛేదించుటకు ఎంత కావలెనో అంతవరకే పెరుగుతుంది. రవ్వ ఎగిరిన మరుక్షణం పడిపోతుంది. కావున ప్రకటనలోని అంకె శక్యతను చెబుతుందే కాని, సిలిండరులో నిత్యం జరిగే దానిని చెప్పదు.

ఎనిమిది సిలిండర్ల కారుకు ఈ పెట్టె నిజమైన అవసరం తీర్చవచ్చు. 6000 చుట్లు దాదాపు పై హద్దుగా గల ఎం.జి.బి.కి లాభం ప్రధానంగా పాయింట్లు కాలిపోకుండుటయే. అదీ సంపూర్ణం కాదు. పాత పాయింట్లనే సంకేతానికి వాడితే వాటి మడమ అరుగుతూనే ఉంటుంది, టైమింగు జారుతూనే ఉంటుంది. మడమ లేని అయస్కాంత సంవేదకం కూడ అమర్చితేనే ఆ బెడద తీరుతుంది.

ఇక పెట్టెకు స్థానం. ఇక్కడనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నవి. ఎలెక్ట్రానిక్ భాగాలకు మొదటి శత్రువు వేడి. ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటరు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. బానెటు కింద అత్యధిక వేడి కారు పరుగెత్తునప్పుడే ఉంటుందనుకొనుట పొరపాటు. ఇంజను ఆపగానే గాలి ప్రవాహం ఆగుతుంది. కాగిన ఇనుము తన వేడిని చుట్టూ వెదజల్లుతుంది. ఆ తరువాతి కొన్ని నిమిషాలే పెట్టెకు గండం. టీ తాగి వచ్చేసరికి కారు స్టార్టు కాకపోవుటకు ఇదొక కారణం కావచ్చు.

ఎం.జి.బి.లో కార్బ్యురేటర్లు, ఎగ్జాస్టు గొట్టాలు ఇంజనుకు ఎడమవైపున, డిస్ట్రిబ్యూటరు కుడివైపున ఉన్నవి. కావున కుడి రెక్క లోపలి రేకు, రేడియేటరుకు చేరువగా, మంచి చోటు. అక్కడ వేడి తక్కువ, తీగలూ పొట్టివవుతాయి. డాష్‌బోర్డు వెనుక లేదా గ్లవ్ పెట్టెలో దాచుట చూడ ముచ్చటగా ఉన్నా, గాలి ఆడని చోట పెట్టె తన వేడిలోనే మగ్గుతుంది. బ్యాటరీ గదిలో పెట్టుట అంతకన్న తప్పు. బ్యాటరీ నుండి వెలువడే ఆమ్లపు ఆవిరి, హైడ్రోజను రెండూ ప్రమాదకరమే.

రెండవ శత్రువు కుదుపు. దానికి రబ్బరు కాళ్లు వేస్తారు. కాని రబ్బరు విద్యుత్తును ప్రసరింపనీయదు. పెట్టె బాడీని తాకి ఎర్తు పొందుతుందనుకొంటే నిరాశయే. దానికి వేరే ఎర్తు తీగ తప్పదు. అసలు ఎర్తు ఏ ధ్రువమో తెలియకుండా స్పానరు పట్టరాదు. 1967 వరకు తయారైన ఎం.జి.బి.లలో బ్యాటరీ ధన ధ్రువమే బాడీకి కలిపి ఉంది. రుణ ఎర్తు పెట్టెను వాటికి కలిపితే క్షణంలో బూడిద అవుతుంది. సంకేతపు సన్నని తీగను ప్లగ్గు తీగలకు సమాంతరంగా కట్టరాదు. ప్రేరణ వలన అందులో దొంగ సంకేతాలు పుడతాయి.

మరొక సంగతి. కాయిలు విద్యుత్తును కొలిచి చుట్ల సంఖ్య చూపే పాత టాకోమీటరు, కొత్త పెట్టె రాగానే తప్పు చెప్పవచ్చు, లేదా మూగబోవచ్చు. కాయిలు ప్రాథమిక కొనలలో ఇప్పుడు 400 వోల్టులకు పైబడి ఉంటుంది. పాత అలవాటు కొద్దీ అక్కడ పరీక్ష దీపం పెట్టుట ప్రాణాపాయం కాగలదు.

పెట్టె చెడ్డది కాదు. 1969 నమూనా నుండి పోర్షె సంస్థయే తన 911 ఎస్ కారులో బాష్ వారి కెపాసిటరు పెట్టెను అమర్చినది. అయితే అక్కడ పెట్టె చోటు, తీగల దారి, టాకోమీటరు అన్నీ ఒకే చేతితో నిర్ణయింపబడినవి. బజారు పెట్టె విషయంలో ఆ బాధ్యత యజమానిపై పడుతుంది. రేకుకు పెద్ద రంధ్రాలు చేయక, పాత తీగలు కోయక బిగించినవాడు, అవసరమైతే వెనుకటి స్థితికి మరలగలడు. పాత పాయింట్లు, కండెన్సరు డిక్కీలో ఉంచుకొన్నవాడు ఇంటికి చేరగలడు. చెడిన పాయింట్లను గోరుకాగితంతో గీకి కారు నడిపించవచ్చును; జిగురులో మూసి పోసిన పెట్టె చెడితే రోడ్డు పక్కన చేయగలిగినది లేదు. ప్రకటనలు వోల్టుల మాట చెప్పి ఈ మాట విడిచిపెట్టుటయే వాటిలోని పెద్ద లోపం.