అరుగు ఎవరిది?

ఈ వారం మా మేనల్లుడు వచ్చాడు. వైజాగులో ఆర్కిటెక్చర్ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. చంకలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం, అందులో డ్రాయింగులు. "అత్తా, కాసేపు ఈ గిన్నెలు తీసెయ్" అని భోజనాల బల్ల ఖాళీ చేయించి పరిచాడు. విజయనగరంలో రైలుపట్టాలకి ఇటొకటీ అటొకటీగా ఉన్న రెండు పేటల్ని కలిపే కట్టడమట. పట్టాల మీంచి వెడల్పాటి నడక వంతెన, దాని మీదే మెట్లుమెట్లుగా కూచునే చోటు, గోడల నిండా తప్పెటగుళ్ళ వాళ్ళ బొమ్మలు, రెండు చివర్లా రెండు హాళ్ళు. బొమ్మలు బాగున్నాయి. బొమ్మల్లో మనుషులు ఇంకా బాగున్నారు, ఒక్కడి మొహానా చెమట లేదు.

"రెండు హాళ్ళెందుకురా?" అన్నాను.

"కమ్యూనిటీ హాళ్ళు మావయ్యా. ఇటువాళ్ళకొకటి, అటువాళ్ళకొకటి."

అక్కడ పట్టుకుంది నాకు.

ఈ శీర్షిక వదలకుండా చదివేవాళ్ళకి కమ్యూనిటీ హాళ్ళంటే నాకెంత ప్రేమో తెలుసు. కట్టిన రోజు రిబ్బను, మర్నాటి నుంచి తాళం. తాళంచెవి మాజీ కౌన్సిలరు గారి బావమరిది దగ్గర. లోపల గట్టిపడిపోయిన సిమెంటు బస్తాలు, కాలు విరిగిన కుర్చీలు, వినాయకచవితి మైకుసెట్టు. అవైనా ఊరందరివా అంటే, అదీ లేదు. అంబేద్కర్ భవనం ఒకచోట, బీసీ భవన్ ఒకచోట, కాపు భవన్ ఇంకోచోట. ఎవరికి వాళ్ళు అడిగారు, ప్రభుత్వాలు ఎవరికి వాళ్ళకి మంజూరు చేశాయి. అడగడం తప్పనను, మిగతా చోట్ల జాగా దొరకనివాళ్ళు తమకంటూ ఒక కప్పు కావాలనుకోవడం న్యాయమే. కానీ ఊరిని కలపడానికి కట్టామని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

మావాడు ఊరుకుంటాడా? కొలంబియాలో మెడెయిన్ అనే ఊరి కథ చెప్పాడు. కొండల మీది పేదల పేటలకి 2004లో తీగ మీద నడిచే పెట్టెలు వేశారు. అంతకుముందు కొండ దిగి పనికెళ్ళి మళ్ళీ ఎక్కి రావడానికే పొద్దంతా సరిపోయే మనుషులు మెట్రో రైలు దాకా హాయిగా వచ్చిపడ్డారు. పక్కనే 2007లో పెద్ద గ్రంథాలయం కట్టారు, ప్రపంచమంతా వెళ్ళి ఫొటోలు తీసుకుంది. "తర్వాత?" అన్నాను. కొంచెం నసిగి, కట్టడంలో లోపాలు బయటపడి గ్రంథాలయాన్ని ఏళ్ళ తరబడి మూసేశారని చెప్పాడు. తీగపెట్టెలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయట. అది విన్నాక నాకు కొంచెం హుషారొచ్చింది. నిజం చెప్పాలంటే అప్పటికే సిరిమాను కథ నాలుక చివర ఉంది.

దానికన్నా ముందు ఒక మాట. విజయనగరం దానంతటది విడిపోయిన ఊరు కాదు, గీసి విడదీసిన ఊరు. 1713లో కోట కట్టారు. తర్వాత వచ్చిన దొరలు తమ సిపాయిలకి కోట పక్కన చోటు చూసుకోలేదు, మైలు దూరంలో వేరే కట్టుకున్నారు. ఆ మధ్యలో పెద్దచెరువు. సిపాయిలు పోయారు, కంటోన్మెంట్ అనే పేరు పేటకి ఉండిపోయింది. 1890ల్లో రైలొచ్చింది, 1931 నాటికి రాయపూర్ దాకా లైను పూర్తయి ఊరు జంక్షనైంది. వ్యాపారం పెరిగింది, పట్టాల మధ్య చిక్కిన పేటలు చిక్కినట్టే ఉన్నాయి. మనవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? రైలు రాకముందే కుమ్మరివీధి, రెల్లివీధి అని గీతలు గీసుకునే ఉన్నారు. దొరల గీతలకి ఇటుకా ఇనుమూ కావలసొచ్చాయి, మన గీతలకి అవీ అక్కర్లేకపోయాయి.

శ్రీకాకుళంలో ఆ విడదీసే పని నాగావళి చేసింది. గుజరాతీపేట ఆ గట్టున. పాత వంతెన, కొత్త వంతెన అని జనం చెప్పుకుంటారు గానీ వంతెన మనిషిని దాటిస్తుంది, అంతే. రోజూ దాటినవాళ్ళు కూడా అటువైపు ఎవరింట మంచినీళ్ళు తాగారో అడిగి చూడండి. విజయనగరంలో మన ఎత్తుబ్రిడ్జి సంగతీ ఇంతే. దాని మీద బళ్ళు ఆగవు, మనుషులు ఆగితే బళ్ళవాళ్ళు ఊరుకోరు.

ఇక సిరిమాను. "ఇదిగో వచ్చాడు" అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉంటారు. ప్రతి దసరాకీ రాస్తాను, ఈసారి అకాలంలో రాస్తున్నాను.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. కానీ అది ఆ ఒక్క రోజు పండగ అనుకునేది పైఊళ్ళ వాళ్ళు. వారాల ముందే మొదలవుతుంది. అమ్మవారు పూజారికి కలలో కనబడి చెట్టు ఎక్కడుందో చెబుతుంది. చింతచెట్టు. అది ఏ ఊళ్ళో ఎవరి కళ్ళంలో ఉంటుందో ఎవరికీ తెలీదు. వెతుక్కుంటూ వెళ్తారు, బొట్టుపెట్టి అడుగుతారు, రైతు ఇస్తాడు. ఆ ఊరికి ఆ ఏడాదంతా పండగే. మానుని ఊరేగించుకుంటూ హుకుంపేట తెస్తారు. అక్కడ వడ్రంగులు చెక్కడం మొదలెడతారు. సిరిమాను ఒకటి, దాన్ని మోసే ఇరుసుమాను ఒకటి. యాభై అరవై అడుగుల మాను, దాని కొసన కట్టిన ఆసనంలో మనిషి కూచోవాలి, అది వంగాలి, విరక్కూడదు. ఈ లెక్కకి డ్రాయింగు లేదు. చిన్నప్పుడు హుకుంపేటలో ఆ చెక్కడం చూస్తూ బడి ఎగ్గొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. బాడిసె పడ్డప్పుడల్లా లేచే పచ్చి చింతచెక్క వాసన నాకింకా గుర్తే. మానుని ఎటు తిప్పి వెయ్యాలో పెద్ద వడ్రంగి నోటితో చెప్పడు, గడ్డం ఎత్తి చూపిస్తాడు.

ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి అమ్మవారి దగ్గర పెట్టిన విత్తనాలు రైతులు పట్టుకెళ్తారు. మంగళవారం మధ్యాహ్నానికి మూడులాంతర్ల దగ్గర కాలు పెట్టే చోటుండదు. (ఆ మూడులాంతర్ల స్తంభాన్నే 2020లో సుందరీకరణ అని పడగొట్టడం, ఊరు ఊరంతా గొడవపెట్టడం మీకు తెలిసిందే. మళ్ళీ మొదలెట్టను.) పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు నడుస్తాయి. పెద్దచెరువులోంచి అమ్మవారి విగ్రహాన్ని పైకి తీసింది బెస్తవాళ్ళేనని చెప్పుకుంటారు, అందుకే వల. వెనకాల సిరిమాను. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా, కోట నుంచి గుడి దాకా, మూడుసార్లు. రాజకుటుంబం కోట బురుజు మీంచి చూస్తుంది, నాయకులు డీసీసీబీ మేడ మీంచి చూస్తారు, మనం కింద నుంచి అరటిపళ్ళు విసురుతాం. ఎదర ఎవడున్నాడో, వెనక ఎవడు తోస్తున్నాడో, ఏ పేట, ఏ కులం, అడిగే ఊపిరి ఉండదు.

ఇంకొకటి గమనించారా? అమ్మవారికి ఈ ఊళ్ళో రెండిళ్ళు. నడిబజారులో చదురుగుడి, రైల్వేస్టేషను దగ్గర వనంగుడి. ఏడాదిలో కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ. దేవత మారినప్పుడల్లా జనం నడక మారుతుంది. ఏ ఆర్కిటెక్టూ గీయని ప్లాను ఇది.

"చూశావా, హాలు లేదు, గోడ లేదు. ఊరిని కలిపేది దారిరా, గది కాదు" అని నేను గెలిచినట్టు కుర్చీలో వెనక్కి వాలాను. మావాడు ఇంకో షీటు తీశాడు. వంతెన పొడుగునా, ఈ చివరి నుంచి ఆ చివరికి, తెగకుండా ఒక గట్టు గీశాడు. "నీ కాలమ్‌లు చదివే వేశాను మావయ్యా. వీధరుగు."

ఏం చెప్పను! పదేళ్ళుగా అరుగుల మీద పాడిన పాట పిల్లాడి చేతిలో గీతయి వచ్చింది. సంతోషించాలి. నిజంగా సంతోషించాను కూడా. మన సిక్కోలు, విజయనగరం పల్లెల్లో ఇళ్ళు ఒకదాని గోడనొకటి ఆనుకుని బారుగా ఉంటాయి. రైలుపెట్టెలు తగిలించినట్టు. ఇంటింటి అరుగూ పక్కింటి అరుగుతో కలిసి వీధి చివరిదాకా సాగుతుంది. ఒకింట్లో పెళ్ళయితే వరసంతా పెళ్ళివారే. అరుగు తీసేసి గ్రిల్లు పెట్టుకున్నాం, అందుకే ఇలా అఘోరించాం అని ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

అయితే ఆ షీటు చూస్తూంటే మా అమ్మమ్మ వీధి గుర్తొచ్చింది. చీపురుపల్లి దగ్గర. అరుగు మీద తాతయ్య, కరణం గారు, బడిపంతులు, పేకాట. మా పొలం పనిచేసే కంబారి ఎక్కడ కూచునేవాడు? అరుగు కింద, రాతిమెట్టు పక్కన, గొంతుక్కూచుని. అమ్మమ్మ చెడ్డది కాదు. అన్నం దండిగా పెట్టేది. పైనుంచి పెట్టేది. చివరి వీధివాళ్ళు మా అరుగు ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోవడం నాకు తెలుసు. వాళ్ళకి ఆ అరుగంటే ఏమిటో వాళ్ళ పిల్లలు రాస్తే చదవాలి, నేను రాస్తే చాలదు. గురజాడ విజయనగరంలో ఉండే, ఈ కులాల గీతల మీద 'లవణరాజు కల' రాశారు. వందేళ్ళు దాటింది.

సిరిమానైనా అంతే కదా. అందరూ వస్తారు, ఎవరి చోటు వాళ్ళకి ముందే రాసిపెట్టి ఉంటుంది. వల పట్టేవాళ్ళు వలే పడతారు. బురుజు ఎక్కేవాళ్ళు బురుజే ఎక్కుతారు. బుధవారం పొద్దున్న ఎవరి వీధికి వాళ్ళం.

మరి మనుషులు నిజంగా కలిసి నిలబడ్డ చోటేది అని ఆలోచిస్తే నాకు కనబడింది మా వీధి మలుపులో బోరింగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు ఆడవు, అపార్టుమెంటు మీది ట్యాంకులు ఎండిపోయాయి. అంతకుముందు ఆ బోరింగు మా వెనక కాలనీవాళ్ళదే. మా అపార్టుమెంటు ఆడవాళ్ళు మొదటిసారి బిందెలు పట్టుకుని దిగారు. ఎలా కొట్టాలో తెలీక చేతులు బొబ్బలెక్కించుకుంటే కాలనీ అమ్మాయిలు నేర్పారు. వరస దాటబోయిన మా మూడో అంతస్తు మేనేజరు గారిని ఒకావిడ "ఏటి బాబూ, మావేటి మనుషులం కాదేటి?" అని బిందెతో సహా వెనక్కి పంపింది. ఆయన వెళ్ళి నిలబడ్డాడు. ఆర్టీసీ కాంప్లెక్సు బల్ల మీద కూడా ఇంతే. పార్వతీపురం బస్సు ఆలస్యమైతే పక్కన ఎవరు కూచున్నా జరగాల్సిందే, జరగమనడానికి బల్ల ఎవడి తాతదీ కాదు.

అరుగుకి యజమాని ఉంటాడు. కూచోమనే హక్కు ఉన్నవాడికి లేవమనే హక్కూ ఉంటుంది.

అలాగని యజమాని లేకపోతే సరిపోతుందా అంటే, లక్ష్మీపేట అడ్డం వస్తుంది. వంగర మండలంలో మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకున్న భూమి, మునగకుండా మిగిలింది. దళితులు సాగు చేసుకుంటున్నారు. అది ఎవరిదన్న తగాదాలో, 2012 జూన్ 12 నాటి దాడిలో ఐదుగురు దళితుల ప్రాణాలు పోయాయి. ఎవరిదీ కాదు అని వదిలేసిన చోటు ఎప్పుడూ బలమున్నవాడి వైపు జారుతుంది. కాబట్టి అందరిదీ అయితే అందరిదీ అని కాగితం మీద ఉండాలి, ఊడ్చే జీతగాడుండాలి, దీపం వెలగాలి, వరస తప్పితే అడిగే నోరుండాలి.

మావాడి షీట్ల మీద ఎర్ర పెన్సిలు పెట్టాను. రెండు హాళ్ళూ కొట్టేశాను. ఆ డబ్బుతో వంతెన మధ్యలో మంచినీళ్ళ కుళాయి, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ శుభ్రమైన మరుగుదొడ్లు, కూరగాయల గంపలు దించుకునే చోటు, రెండు పేటలకీ కలిపి ఒకే అంగన్వాడీ, ఒకే రేషను డిపో. సైకిలు తోసుకెళ్ళడానికి మెట్ల పక్కన వాలు. పైన నీడ, ముందు నీడ, తర్వాతే తప్పెటగుళ్ళ బొమ్మలు. తన అరుగు కూడా కొట్టేసి, వీపు ఆనే బల్లలు వెయ్యమన్నాను. వంతెనకి ఎక్కడా గేటు పెట్టొద్దన్నాను. "డిజైనేం మిగిలింది మావయ్యా, మార్కులు పోతాయి" అన్నాడు. పోతే పోనీ అన్నాను. వాళ్ళమ్మ ఫోన్ చేసి నన్ను తిట్టింది.

మీకో పని. మీ వార్డులో తాళమేసిన కమ్యూనిటీ హాలు ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని నాకో కార్డు ముక్క రాయండి. వార్డు నంబరు, హాలు ఎప్పుడు కట్టారో గోడ మీది పలక చూసి రాయండి చాలు. విజయనగరం, శ్రీకాకుళం రెండు కార్పొరేషన్లకీ ఆ జాబితా నేనే పట్టుకెళ్తాను.