అవశేష భాషలా?

ఇల్లు సర్దాక ఏ అరలోనూ ఇమడని వస్తువులు కొన్ని మిగులుతాయి. వాటన్నిటినీ ఒకే సంచిలో వేసినంత మాత్రాన అవి ఒక కోవకు చెందినవి అవుతాయా? కావని మీరు వెంటనే అంటారు. భాషాశాస్త్రంలో మాత్రం అలాంటి సంచి ఒకటి చాలాకాలం చెలామణి అయింది.

పశ్చిమాఫ్రికాలో ఘనా, టోగో సరిహద్దు కొండల్లో సుమారు 14 చిన్న భాషలున్నాయి. వాటి చుట్టూ ఎవే, ఆకాన్ వంటి పెద్ద భాషలు. టోగో జర్మన్ వలసగా ఉన్న కాలంలో, 1912లో, స్ట్రుక్ అనే పండితుడు వీటిని ‘టోగో అవశేష భాషలు’ అన్నాడు. బెర్న్‌డ్ హైనె 1968లో వెలువరించిన ముఖ్య గ్రంథం శీర్షికలోనూ అదే పేరు.

వీటిని ఇరుగుపొరుగు భాషల నుంచి వేరుగా చూపినది నామవాచకం ముందు చేరే వర్గ ప్రత్యయం. సివు భాషనే చూడండి: ప్రజలు ‘మవు’, వారి నేల ‘కవు’, భాష ‘సివు’. బంటు భాషల్లోనూ ఇదే పద్ధతి. ఎవేలో అది లేదు.

కాని ఇది నైజర్-కాంగో మూలభాష నుంచి వచ్చిన పాత సొత్తు. తాతగారి బిందెను ఇద్దరు మనవలు దాచుకున్నారనుకోండి. అంతమాత్రాన వారు ఒకే తండ్రి బిడ్డలని రుజువు కాదు. బిందె పారేసుకున్నవాడూ ఆ తాత మనవడే. దగ్గరి చుట్టరికాన్ని తేల్చేవి కలిసి చేసుకున్న కొత్త మార్పులు. తమిళంలో ‘ఉరల్’, మనకు ‘రోలు’. ఇలా పదంలో ధ్వనులు స్థానం మారడం గోండి, కువి వంటి భాషల్లోనూ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును వాటి సరసన చేర్చడానికి ఇలాంటి మార్పులే ఆధారం.

హైనె గొప్పతనం ప్రత్యయాల దగ్గరే ఆగిపోకపోవడం. ఆయన పదజాలాన్ని పోల్చి, ‘మాంసం’ అనే మాటను బట్టి ‘కా’, ‘నా’ అని రెండు గుంపులు చేశాడు. 1989లో స్ట్యువర్ట్ ఆ రెండింటినీ క్వా శాఖలోని వేర్వేరు కొమ్మలకు చేర్చాడు. అసలివి ఒక కుటుంబమేనా అని 2009లో బ్లెంచ్ ప్రశ్నించాడు. అంటే హైనె లోపల చేసిన విభజనే, అట్టమీది పేరును ప్రశ్నార్థకం చేసింది. అయినా ఆ పేరును ఆయన వదులుకోలేదు. ఇదే ఆ గ్రంథంలోని లోపం.

1990ల నడుమ నుంచి ‘ఘనా-టోగో కొండ భాషలు’ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఇది నివాసాన్ని మాత్రమే చెబుతుంది. చుట్టరికం గురించి లేని హామీ ఇవ్వదు. నేటికీ పిల్లలకు మాటలు నేర్పుతున్న భాషను శేషం అనడం మర్యాదా కాదు, శాస్త్రమూ కాదు. ఈసారి ఏ పుస్తకంలోనైనా భాషావృక్షం కనబడితే ఒక్క ప్రశ్న వేయండి: ఈ కొమ్మను కలిపింది వీళ్ళు కలిసి సాధించుకున్న మార్పా, లేక పక్కవాళ్ళు పోగొట్టుకున్న పాత సొత్తా?