చెత్త బండికి సాకెట్ల లెక్క తెలియదు

అర్ధరాత్రి సర్వర్ పడిపోతుంది. లాగ్ నిండా ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’. చూస్తే మెమరీ సగం ఖాళీగానే ఉంటుంది. అయినా అలవాటు కొద్దీ ఎవరో హీప్ రెట్టింపు చేస్తారు. జబ్బు ముదురుతుంది.

తవ్వితే బయటపడేది, ‘ఆబ్జెక్టు పోయేటప్పుడు సాకెట్ దానంతటదే మూసుకుంటుందిలే’ అనే ధీమాతో రాసిన ఫైనలైజర్. జావాలో గార్బేజ్ కలెక్టర్‌ను కదిలించేది ప్రధానంగా హీప్ మీది ఒత్తిడి. తొట్టి నిండితే తప్ప రాని చెత్త బండి అది. సాకెట్ ఆబ్జెక్టు హీప్‌లో పట్టించుకోనంత చిన్నది. దాని వెనకాల ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన ఫైల్ డిస్క్రిప్టర్లకు మాత్రం ప్రాసెస్‌కు ఇన్నేనని హద్దుంటుంది. హీప్ పెంచితే తొట్టి పెద్దదై, బండి ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోగా అవతలివాళ్లు కనెక్షన్ తెంచుకుపోయినా, ఇవతలి సాకెట్లు ‘క్లోజ్ వెయిట్’ స్థితిలో పేరుకుపోతూనే ఉంటాయి.

కలెక్టర్ వచ్చినా పని అప్పటికప్పుడు తెమలదు. ఆబ్జెక్టు క్యూలో చేరాలి, ఫైనలైజర్ థ్రెడ్ దాని వంతుకు రావాలి. ఒక ఫైనలైజర్ నెట్‌వర్క్ దగ్గర ఆగిపోతే వెనకున్నవన్నీ ఆగినట్టే. ఏది ముందు నడుస్తుందో, అసలు నడుస్తుందో లేదో కూడా హామీ లేదు. జోషువా బ్లాక్ ‘ఎఫెక్టివ్ జావా’ మూడో ఎడిషన్‌లో 12 నానోసెకన్ల పని ఫైనలైజర్‌తో 550 అయిందని లెక్క చూపించారు. నిజానికి ఇక్కడ వేగం చిన్న ఫిర్యాదే.

2011లో జావా 7తో వచ్చిన ట్రై-విత్-రిసోర్సెస్ ఉండగా ఇంకా ఈ తంటా ఎందుకు? ఒక మెథడ్‌లో తెరిచి అందులోనే మూసే కనెక్షన్‌కు అది చాలు. నాలుగు క్లాసుల చేతులు మారే కనెక్షన్‌తోనే చిక్కు. మూసే బాధ్యత ఎవరిదో తేల్చుకోలేని టీమ్ ఆ భారాన్ని కలెక్టర్ మీదికి నెడుతుంది. 2017లో జావా 9 ఫైనలైజర్‌ను వద్దని చెప్పి క్లీనర్‌ను ఇచ్చింది. కానీ అదీ కలెక్టర్ దయ మీద ఆధారపడేదే. జేడీకే 13లో కొత్తగా రాసిన సాకెట్ అమలులోనూ క్లీనర్ ఉంది, అయితే ఎవరైనా మూయడం మరిచిపోతే ఆదుకోవడానికే. అలాంటి ఏర్పాటు ఉండాల్సిందే, కాకపోతే గుట్టుగా మూసి ఊరుకోకూడదు. విడుదల చేయని బఫర్ దొరికితే లాగ్‌లో ‘లీక్’ అని అరిచే నెట్టీ లైబ్రరీ పద్ధతి ఎంతో నయం.

2022 మార్చిలో వచ్చిన జేడీకే 18 ఫైనలైజర్లను తొలగింపు జాబితాలో చేర్చింది, వాటిని పూర్తిగా ఆపేసి నడిపే ఆప్షన్ కూడా ఇచ్చింది. దానితో ఒకసారి లోడ్ టెస్ట్ నడిపితే, తెరిచి ఉన్న సాకెట్ల సంఖ్య దిగుతోందో పెరుగుతూనే పోతోందో గ్రాఫ్‌లో కనిపిస్తుంది.