నిప్పురవ్వ జాడ పట్టే ఉస్తాదులు

హైదరాబాద్ నయాపూల్ మీద ఇవాళ తిరిగే బండ్లలో, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాతకాలపు కారు కనపడటం అరుదు. కానీ ఈ ఊరికి బ్రిటిష్ బండ్లతో ఉన్న సంబంధం చిన్నదేం కాదు. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 ఆల్బియన్ బస్సులతో మొదలైంది. వంతెన దిగి మదీనా, చార్మినార్ దాటి చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారైన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. అది 1912 నాటిది. ఇక అంబాసిడర్ ఉండనే ఉంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి మన దేశంలో పెట్టిన పేరది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది.

ఈ బండ్లు ఆగకుండా నడిచేలా చూస్తూ వచ్చింది మన షెడ్లలోని ఉస్తాదులు. వాళ్ల విద్యలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇగ్నిషన్ తప్పు పట్టుకునే తీరు. బండి మొరాయించగానే పార్టులు మార్చేవాడు మెకానిక్కే కాడని వాళ్ల లెక్క. తప్పు ఎక్కడుందో తేలాకే పానా పట్టాలి.

ముందు కరెంటు నడిచే దారి తెలియాలి. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. ప్లగ్గు దగ్గర రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని కాయిల్‌ది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో అయస్కాంత శక్తి నిండుతుంది, విడిపోగానే అది ఒక్కసారిగా కూలి, పెద్ద వోల్టేజీ పుడుతుంది. విడిపోయేటప్పుడు పాయింట్ల మధ్య మెరుపు లేచి అవి కాలిపోకుండా కండెన్సర్ అడ్డుకుంటుంది. రోటర్ ఆ వోల్టేజీని వంతుల ప్రకారం ఒక్కో ప్లగ్గుకి పంచుతుంది. అంబాసిడర్‌లో ఆ వరుస 1, 3, 4, 2. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకి 100 సార్లు విడిపోవాలి. ఇంత పని చేసే పాయింట్ల మధ్య ఉండాల్సిన ఎడం అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను మాత్రమే.

ఉస్తాదు మొదటి పరీక్ష దారి మధ్యలో పెడతాడు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడినెత్తిన ఉన్న లావు వైరు ఊడదీసి, దాని కొసను ఇంజన్ ఇనుముకి పావు అంగుళం దూరంలో ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటాడు. శిష్యుడితో "సెల్ఫ్ కొట్టరా" అంటాడు. నీలంగా, లావుగా, టప్ టప్‌మంటూ రవ్వ దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ బాగున్నట్టే. అంటే దోషం ఆ పైన క్యాప్‌లోనో రోటర్‌లోనో వైర్లలోనో ప్లగ్గుల్లోనో ఉంది. రవ్వ పసుపుపచ్చగా పీలగా ఉన్నా, అసలు రాకపోయినా వెనక్కి వెళ్లాలి. ఒక్క నిమిషంలో సగం ఇంజన్ మీద అనుమానం పోతుంది.

వెనక్కి వెళ్లాక టెస్ట్ ల్యాంపు చాలు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే కొసకీ బాడీకీ మధ్య చిన్న బల్బు కట్టి ఇంజన్ తిప్పితే అది వెలిగి ఆరుతూ ఉండాలి. వెలిగే ఉంటే పాయింట్లు కలవడం లేదు, మధ్యలో నూనో మసో చేరింది. వెలగనే వెలగకపోతే కాయిల్ దాకా కరెంటే రావడం లేదు, లేదా పాయింట్లు ఎక్కడో బాడీకి తగులుతున్నాయి. పాయింట్లు బిగించేటప్పుడు చిన్న ఫైబర్ వాషర్ తారుమారైనా ఇదే జరుగుతుంది. పాయింట్ల మొహం నల్లగా కాలి, విడిపోయేటప్పుడు తెల్లగా మెరుపులు వస్తుంటే కండెన్సర్‌ని అనుమానించాలి.

రోటర్ పరీక్ష నాకు మరీ ఇష్టం. క్యాప్ తీసి, అదే లావు వైరును రోటర్ మీది ఇత్తడి పట్టీకి దగ్గరగా పెట్టి, తాళం చెవి ఆన్‌లో ఉంచి పాయింట్లను వేలితో విడదీస్తారు. రవ్వ ఇత్తడి మీదికి దూకకూడదు. దూకిందంటే రోటర్ లోపల కంటికి కనపడని చీలిక ఉంది, కరెంటు కింది షాఫ్టులోకి జారిపోతోంది. పైకి కొత్తగా మెరిసే రోటర్లు కూడా ఈ పరీక్షలో తప్పుతాయి. అందుకే మంచి ఉస్తాదు బాగున్న పాత రోటర్‌ని పారేయనివ్వడు.

మన వాతావరణం తెచ్చే తంటాలు వేరు. వానాకాలం అఫ్జల్‌గంజ్ వైపు రోడ్ల మీద నీళ్లు నిలిస్తే, చిమ్మిన నీరు క్యాప్‌లో చేరి బండి అక్కడికక్కడే ఆగిపోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. తుడిచినా మిస్సింగ్ పోకపోతే క్యాప్ లోపల పెన్సిల్ గీతలా నల్లటి గీత ఉందేమో చూడాలి. కరెంటు ఆ గీత వెంట పక్కదారి పడుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే కారే వైర్ల మీద నీలి మెరుపులు స్పష్టంగా కనిపిస్తాయి.

మే నెల ఎండలో చిక్కు ఇంకో రకం. ట్రాఫిక్‌లో ఆగిన బండి అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. కాయిల్ వేడెక్కి ఆగిందా, పైపులో పెట్రోలు ఆవిరై ఆగిందా? ఆగిన క్షణంలోనే రవ్వ చూడాలి, చల్లారాక చూస్తే ఏదీ తేలదు. రవ్వ బలంగా ఉంటే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తారు. దాంతో బండి లేస్తే ఇగ్నిషన్ తప్పేమీ లేదు.

సిల్వర్ ఘోస్ట్‌లో తప్పు వెతికే బాధ తక్కువ. అందులో బ్యాటరీ లేకుండానే రవ్వ పుట్టించే మాగ్నెటో ఒకటి, బ్యాటరీ కాయిల్ ఒకటి, సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులు. ఒకదాన్ని ఆపి రెండోదాని మీద నడిపితే దోషం ఎటుందో ఇంజనే చెప్పేస్తుంది. రాజుగారి బండి తయారైనప్పుడే వచ్చిన ఆ సౌకర్యాన్ని మన ఉస్తాదులు బల్బు ముక్కతో, వేలికొసతో అంబాసిడర్‌కి సమకూర్చారు.

మీ ఇంట్లో పాత అంబాసిడరో హెరాల్డ్ కారో ఉంటే, ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించే ముందు ఇలాంటి ఉస్తాదు చేత ఒక్కసారి చూపించండి. ఆయన పరీక్షిస్తుంటే పక్కనే నిలబడి ఆ వరుస నోట్ చేసుకోండి. బాగున్న పాత రోటర్, కండెన్సర్, పాయింట్ల సెట్టు గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి.